బారువ ఓడ, పున్నమి నీరు: ఒక అండర్‌వాటర్ ఫోటోగ్రాఫర్‌కు డైవ్ సైట్లు సూచించిన కేస్ స్టడీ

"ఓడ మొత్తం ఒకే ఫ్రేములో రావాలండీ, వస్తుందా?" అని, బారువలో మునిగి ఉన్న ఓడను తీయాలనుకున్న ఫోటోగ్రాఫర్ మేడం ఫోన్లో అడిగారు. నేను "చూద్దాం మేడం" అన్నాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పు ఆ ఒక్క మాటే. మా శ్రీకాకుళం వైపు ‘చూద్దాం’ అంటే ‘కష్టమే’ అని సగం అర్థం. హైదరాబాద్‌లో ఉండి సెలవు పెట్టుకుంటున్న మనిషికి అది మాట ఇచ్చినట్టే వినపడింది.

నేను డైవ్‌మాస్టర్‌ని, అంటే డైవర్లను నీళ్లలోకి తీసుకెళ్లే గైడ్‌ని. సొంతూరు సోంపేట దగ్గర. సీజన్లో ఎక్కువగా విశాఖలో ఉంటాను. ఉత్తరాంధ్రలో ఇంకా పైకి వెళ్లి డైవ్ చేయాలని ఎవరైనా అడిగితే విజయనగరం, శ్రీకాకుళం తీరాలకు తీసుకెళ్తాను. వచ్చేవాళ్లలో చాలామంది మొదటిసారి నీళ్లలోకి దిగేవాళ్లు. వాళ్లకు ఒక చేపల గుంపు, ఒక లయన్ ఫిష్ కనబడితే చాలు, పైకి రాగానే ముఖం వెలిగిపోతుంది. ఫోటోగ్రాఫర్ సంగతి వేరు. కంటికి ఎంత కనబడినా కెమెరా కార్డులోకి ఎక్కకపోతే ఆ డైవ్ లెక్కలోకి రాదు. ఈ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా ఆ ఫోన్ కాల్‌లో పాటించలేదు.

మేడంకు నూట యాభైకి పైగా డైవ్‌లు ఉన్నాయి, అన్నీ దాదాపు అండమాన్‌లో, లక్షద్వీప్‌లో. అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్, హౌసింగ్‌లో (నీరు చొరని పెట్టెలో) పెట్టిన మిర్రర్‌లెస్ కెమెరా, రెండు స్ట్రోబులు (ఫ్లాష్ లైట్లు), డోమ్ పోర్ట్‌తో (లెన్సు ముందుండే గుండ్రటి గాజుతో) చాలా వెడల్పుగా చూసే ఫిష్‌ఐ లెన్స్, చిన్నవాటిని దగ్గర నుంచి తీసే ఇంకో మాక్రో లెన్స్. "అందరూ అండమాన్ ఫోటోలే పెడతారు. మన తెలుగు తీరం నీళ్లకింద ఎలా ఉంటుందో మన పిల్లలకే తెలీదు" అన్నారు. ఆ మాట నాకు లోపల తగిలింది. ఇన్నేళ్లలో ఇలా అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ సంతోషంలోనే నోట్లోంచి ‘కుదరదు’ అనే మాట రాలేదు.

నేను అడిగినవి: ఎన్ని డైవ్‌లు, చివరి డైవ్ ఎప్పుడు, ఏ లెన్సులు, సిలిండర్ గాలి ఎంతసేపు వస్తుంది, పడవ ఎక్కితే వాంతులవుతాయా. అడగాల్సింది ఒక్కటే మిగిలిపోయింది: నీళ్లలో రెండు మీటర్లే కనబడితే ఏం తీస్తారు?

ఏ చోట్లు, ఎందుకు

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. వినడానికి చాలా పెద్దది. కానీ డైవర్ కళ్లతో చూస్తే దాదాపు అంతా ఇసుకే. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా నదులు తెచ్చిన మట్టి ఈ తీరం పొడుగునా పరుచుకుని ఉంటుంది. ఇసుక మీద నాచు పట్టదు, గుల్లలు అతుక్కోవు, చిన్న చేపకు దాక్కునే కన్నం ఉండదు. అందుకే ఇలాంటి చోట గట్టి వస్తువు ఏది పడినా, అది రాయైనా ఇనుమైనా, చుట్టుపక్కల జీవమంతా దాన్నే పట్టుకుని బతుకుతుంది.

కళింగపట్నం ఆమె జాబితాలో ముందే ఉంది. బీచ్ అందంగా ఉంటుంది, లైట్‌హౌస్ ఉంది, పేరున్న పాత రేవు. నేను వద్దన్నాను. వంశధార కలిసేది అక్కడే. ఫిబ్రవరిలో నదిలో నీరు తక్కువే అయినా, అడుగున పేరుకున్న మెత్తటి ఒండ్రు చిన్న అలకే లేస్తుంది. భావనపాడు, మూలపేట వైపు కూడా వద్దన్నాను. మూలపేటలో పోర్టుకు 2023లో శంకుస్థాపన జరిగింది. పనులు నడిచే చోట పడవల తిరుగుడు మధ్య డైవర్‌ను దింపడం నాకు ఇష్టం లేదు.

మిగిలినవి రెండు. ఒకటి బారువ. మహేంద్రతనయ కలిసే చోటు, ఒకప్పటి రేవు. ఒడ్డుకు దగ్గర్లోనే బ్రిటిష్ కాలంలో మునిగిన ఆవిరి ఓడ ఉంది. ‘చిల్కా’ అని పిలుస్తారు. లోతు పది మీటర్ల లోపే. లోతు తక్కువ కాబట్టి సిలిండర్ గంటకు పైనే వస్తుంది, పై నుంచి వెలుగు కూడా అందుతుంది. కానీ అదే కారణంగా పైన అల ఊగితే కింద డైవర్ కూడా ఊగుతాడు.

రెండోది విజయనగరం జిల్లాలో పూసపాటిరేగ మండలం చింతపల్లి. అక్కడ సముద్రంలో రాళ్లు ఉన్నాయి. ఓడలు వాటికి తగలకుండా హెచ్చరించడానికే 1847లో కొండమీద లైట్‌హౌస్ కట్టారు. ఓడ నడిపేవాడికి భయం పుట్టించిన రాళ్లే మాకు పనికొచ్చాయి. ఒడ్డుకు దూరంగా ఉన్న రాళ్ల దగ్గర నీరు బారువ కంటే తేటగా ఉండే అవకాశం ఎక్కువ.

నా సూచన ఇలా వెళ్లింది: మూడు రోజులు బారువ, చివరి రెండు రోజులు చింతపల్లి. చోట్ల విషయంలో ఈ సూచన సరైనదే, ఇప్పుడైనా అదే చెబుతాను. తప్పు జరిగింది తేదీల్లో. ఆమె సెలవు మాఘ పౌర్ణమి నాడు మొదలయింది. నేను విండ్ యాప్ చూశాను, గాలి తక్కువగా ఉంది, సరే అన్నాను. పంచాంగం చూడలేదు.

పున్నమి రోజు

మాఘ పౌర్ణమికి బారువలో సముద్ర స్నానాలు. తెల్లారేసరికి ఒడ్డంతా జనం, ఆటోలు, కొబ్బరికాయలు. విశాఖ నుంచి తెచ్చిన సిలిండర్లు జనం మధ్యలోంచి మోసుకెళ్లాం. ముందురోజే మెరైన్ పోలీసులకు ఎంతమందిమి, ఏ పడవ, ఎన్ని గంటలకు అన్నీ చెప్పాను. అది నేను ఎప్పుడూ వదలను.

పడవ మావయ్యది. నాకు చుట్టరికం కాదు, చిన్నప్పటి నుంచి అలా పిలవడమే. వయసు అరవై దాటింది. మా వైపు చాలామంది మత్స్యకారుల్లాగే వేరావల్ వెళ్లి గుజరాత్ బోట్ల మీద ఏళ్ల తరబడి పనిచేసి వచ్చాడు. పడవ తోసే ముందు నీళ్లు చూసి, "బాబూ, ఇది పున్నమి నీరు. ఇయ్యాల లాగుతాది. నాలుగు దినాలు పోనీ, తేటపడతాది" అన్నాడు. మేడం ఐదు రోజులకే వచ్చారు, నాలుగు రోజులు ఎలా ఆగుతాం అనుకుని నేను వినిపించుకోలేదు.

పౌర్ణమికి, అమావాస్యకు పోటూపాటూ పెద్దవి. మా తీరంలో వాటి తేడా ఒకటిన్నర మీటరు లోపే ఉంటుంది, గుజరాత్‌లో ఖంభాత్ లాంటి చోట్లతో పోలిస్తే అది ఏమంత లెక్క కాదు. కానీ ఏడెనిమిది మీటర్ల లోతులో ఇసుక నేల మీద ఆ మాత్రం లాగుడు చాలు, అడుగున ఉన్నదంతా కలిసిపోవడానికి. సప్తమి, అష్టమి వచ్చేసరికి నీరు నెమ్మదిస్తుంది. ఈ లెక్క నేను మావయ్య లాంటి వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను.

దిగాం. చెయ్యి చాపితే గ్లవ్ కనబడింది, కాలికి తొడిగిన ఫిన్ కనబడలేదు. మహా అయితే ఒకటిన్నర మీటర్లు. ఓడ ఇనుప దూలం నా మాస్క్‌కు ఒక మూర దూరం వచ్చేదాకా తెలీలేదు. మేడం ఫిష్‌ఐ వేసుకుని వచ్చారు. నలభై నిమిషాలు ఎంతో ఓపికగా ప్రయత్నించారు. పైకి వచ్చి స్క్రీన్ చూస్తే, ఫ్రేము నిండా పిండి చల్లినట్టు తెల్ల చుక్కలు. నీళ్లలో తేలే ప్రతి రేణువూ స్ట్రోబ్ వెలుగును తిరిగి లెన్సులోకి కొడుతుంది. బ్యాక్‌స్కాటర్ అంటారు. స్ట్రోబులు వెడల్పుగా చాపి, కాస్త వెనక్కి జరిపితే తగ్గుతుంది. కానీ మధ్యలో ఉన్న నీరే మట్టి అయినప్పుడు ఏ కోణమూ కాపాడదు.

ఆ రాత్రి సోంపేట లాడ్జిలో భోజనాలయ్యాక నేను చెప్పాల్సింది చెప్పాను. ఓడ మొత్తం ఒకే ఫ్రేములో ఈ చోట రాదు మేడం. ఈసారి అనే కాదు, ఇంకెప్పుడు వచ్చినా వస్తుందని నేను చెప్పలేను. ఆమె వెంటనే కోప్పడలేదు. కాసేపాగి, "ఈ మాట ఫోన్లోనే చెప్పి ఉంటే వేరే లెన్సు ప్లాన్‌తో వచ్చేదాన్ని కదా. రాకుండా ఉండేదాన్ని కాదు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. కుదరదంటే రారేమో అని నేను భయపడ్డాను. ఆమె మాత్రం నిజం తెలిసినా వచ్చేవారు.

ప్లాన్ మార్చడం

అండర్‌వాటర్ ఫోటోగ్రఫీలో ఒక మోటు లెక్క ఉంది: నీళ్లలో ఎంత దూరం కనబడుతుందో అందులో ఐదో వంతు దూరంలోపు ఉన్నదాన్నే ఫోటో తీయాలి. పది మీటర్లు కనబడితే రెండు మీటర్లు. ఒకటిన్నర మీటర్లు కనబడితే ముప్ఫై సెంటీమీటర్లు. అండమాన్ డైవ్‌లకు అలవాటు పడినవాళ్లకు ఈ లెక్క ఎప్పుడూ అవసరం పడదు. మా దగ్గర రోజూ ఉదయం మొదట వేయాల్సిన లెక్క ఇదే. చోటు పేరు తర్వాత సంగతి.

అందుకని రెండో రోజు డైవ్ పెట్టుకోలేదు. నేను, మావయ్య పడవ మీద వెళ్లి కంచం దించాం. అన్నం తినే పెద్ద స్టీలు కంచానికి తెల్ల పెయింట్ వేసి, కింద బరువు కట్టి, తాడుకు అర మీటరుకు ఒక ముడి వేశాను. నీళ్లలోకి దించుతూ అది కనబడకుండా పోయిన చోట ముడులు లెక్కపెట్టడమే. ఇటలీలో ఆంజెలో సెక్కీ అనే శాస్త్రవేత్త 1865లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఇప్పటికీ సముద్ర పరిశోధకులు వాడతారు. కంచం నిలువుగా చూపే లోతు, డైవర్‌కు అడ్డంగా కనబడే దూరం ఒకటి కావు. కానీ నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చెప్పడానికి ఇంతకంటే నమ్మకమైనది నాకు దొరకలేదు. పాటు సమయంలో మూడు ముడులు. పోటు నిండాక అదే చోట ఐదు. ఎందుకంటే పోటు బయటి సముద్రపు నీటిని లోపలికి తెస్తుంది, పాటు ఒడ్డు మట్టిని, ఏటి ముఖంలో బురదను బయటికి లాగుతుంది. అందుకే ఆ తర్వాత డైవ్‌లన్నీ గడియారం చూసి కాక, పోటు నిండి నీరు నిలిచే సమయం చూసి పెట్టాం.

ఆ ఖాళీ పూట మేడంను టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లాను. పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు సెప్టెంబర్ నుంచి మార్చి దాకా ఆ ఊళ్లో చెట్ల మీదే ఉంటాయి. ఆమె సాయంత్రం దాకా కదల్లేదు. ముందురోజు టెన్షన్ అక్కడే కాస్త దిగింది.

ఇంకో మార్పు, చిన్నదే కానీ కెమెరా ఉన్నవాళ్లకు చాలా అవసరం. సముద్రపు నీరు ఆరిపోతే హౌసింగ్ బటన్ల దగ్గర ఉప్పు గట్టిపడుతుంది. పైకి రాగానే మంచినీళ్లలో నానబెట్టాలి. రిసార్టుల్లో దానికి తొట్టెలు ఉంటాయి. బారువ ఒడ్డున ఏముంటాయి? చేపలకు ఐస్ వేసే పెద్ద థర్మోకోల్ పెట్టె ఒకటి కొత్తది కొని, అందులో ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ ఒంపి, పడవలోనే పెట్టాం. అలలు దాటేటప్పుడు పడవ ఎగిరిపడినా నీళ్లలో ఉన్న కెమెరాకు దెబ్బ తగల్లేదు. హౌసింగ్ ఇసుక మీద ఎక్కడా తెరవకూడదని కూడా ముందే అనుకున్నాం. హౌసింగ్ మూతకు ఉండే రబ్బరు చుట్టు (ఓ-రింగ్) మీద ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీరు లోపలికి వస్తుంది.

మాక్రో డైవ్‌లు

మూడో రోజు నీరు ఇంకా మందంగానే ఉంది. కానీ మాక్రో లెన్సుకు కావాల్సింది ఒక జానెడు తేటనీరు మాత్రమే. ఓడ ఇనుము మీద ఆల్చిప్పలు, బార్నకిల్స్ అనే అతుక్కునే గుల్లలు దట్టంగా పట్టి ఉంటాయి. ఖాళీ అయిన ఒక్కో గుల్లలో ఒక్కో బ్లెన్నీ చేప తల బయటపెట్టి చూస్తుంటుంది, చిటికెన వేలంత ఉండదు. మేడం ఒకే కన్నం ముందు ఇరవై ఐదు నిమిషాలు ఉన్నారు. అల ఊపుకు ముందుకీ వెనక్కీ పోతూ, శరీరం సరిగ్గా ఆ చేప ముందుకు వచ్చిన క్షణంలో నొక్కుతూ. నేను వెనక నుంచి ఫిన్లతో ఇసుక లేపకుండా చూసుకోవడం తప్ప ఏమీ చేయలేదు. ఫోటోగ్రాఫర్‌కు తోడు వెళ్లే గైడ్ పని చాలావరకు అంతే: కప్ప ఈత కొట్టినట్టు కాళ్లు పక్కలకు తన్నడం, నేలకు దూరంగా ఉండటం, అక్కర్లేనప్పుడు కదలకపోవడం. ఇంకో మాట. ఫోటో కోసం ఏ ప్రాణినీ వేలితో జరపనని ముందే చెప్పాను. ఆమె కూడా అలాంటి మనిషి కాదు.

నాలుగో రోజు కంచం ఏడు ముడులు దిగింది. కింద మూడు మీటర్లకు పైనే కనబడింది. ఐదో వంతు అంటే అరవై సెంటీమీటర్లు. ఇప్పుడు ఫిష్‌ఐ వేయండి మేడం అన్నాను, కానీ ఓడ కోసం కాదు. ఓడ పక్కటెముకల్లాంటి దూలాల మధ్య ఒక లయన్ ఫిష్ రెండు రోజులుగా అదే చోట ఉంటోంది. డోమ్‌ను దానికి ఒక అడుగు దూరం దాకా తీసుకెళ్లి, స్ట్రోబులు దాని మీద మాత్రమే పడేలా వెలుగు తగ్గించి, వెనక దూలాలను పై నుంచి వచ్చే వెలుగులో నల్లటి నీడలుగా వదిలేశారు. దాని ముళ్లలో విషం ఉంటుంది కాబట్టి దూరం నేను చేత్తో చూపిస్తూ ఉన్నాను. వచ్చిన ఫోటోలో చేప, రెండు దూలాలు, ఆకుపచ్చ నీరు. ఓడ మొత్తం లేదు. అయినా చూసిన ఎవరికైనా అక్కడొక ఓడ ఉందని తెలుస్తుంది. ఆకుపచ్చ రంగును నీలంగా మార్చవద్దని నేను అడగకముందే ఆమె, "ఇది మన నీళ్ల రంగు, మార్చను" అన్నారు.

అదే డైవ్‌లో ఓడకు దక్షిణం పక్క ఒక నైలాన్ వల చుట్టుకుని కనబడింది. మూడు దూలాలను కప్పేసింది. రెండు పీతలు చిక్కుకుని ఉన్నాయి, ఒకటి బతికే ఉంది. దాని చుట్టూ ఉన్న వల కత్తిరించి వదిలాను. వల మొత్తం తీయాలంటే ఇద్దరు కాదు, నలుగురు కావాలి, వలను పైకి లేపే గాలి సంచులు కావాలి. కెమెరా మోసే డైవ్‌లో అలాంటి పని పెట్టుకోకూడదు. మేడం ఆ వలను నాలుగైదు ఫ్రేములు తీశారు.

చింతపల్లి

ఆమె సెలవు రెండు రోజులు పొడిగించుకున్నారు. ఐదో రోజు ఓ డైవ్ చేసి, సాయంత్రానికి విజయనగరం వైపు వచ్చేశాం. ఆ పొడిగించిన రోజుల్లో చింతపల్లిలో దిగాం. అక్కడ గురించి రాయడానికి పెద్దగా లేదు. నీరు ఆరేడు మీటర్లు తేటగా ఉంది, లోతు పద్నాలుగు మీటర్లు, రాళ్ల మీద చేపల గుంపులు, పై నుంచి ఎండ చారలు. నీరు బాగున్నప్పుడు సైట్ సూచించినవాడి గొప్ప ఏమీ ఉండదు. దారిలో ఒక ఆలివ్ రిడ్లీ తాబేలు గాలి పీల్చడానికి పైకి వస్తే, మోటారు ఆపించి అది మునిగేదాకా ఆగాం. వాటికి అది గుడ్లు పెట్టే కాలం. వెంటపడి ఫోటో తీద్దామని మేడం అడగలేదు.

ఒడ్డుకు రాగానే, "సాయంత్రం అరకు వెళ్లొద్దామా?" అన్నారు. ఇక్కడ మాత్రం ‘చూద్దాం’ అనలేదు, వద్దన్నాను. అరకు లోయ సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు, ఘాట్‌లో ఇంకా పైకి ఎక్కాలి. డైవ్ చేసిన శరీరంలో కరిగి ఉన్న నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. పీడనం తక్కువగా ఉన్న ఎత్తుకు వెంటనే వెళ్తే అది బుడగలుగా మారే ప్రమాదం ఉంది. విమానం ఎక్కడానికి వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు ఆగమంటారు. 600 మీటర్లు దాటిన కొండలకూ అదే జాగ్రత్త పాటించాలి. ఇది చాలామంది డైవర్లకు తట్టదు, ఎందుకంటే కారులో వెళ్లేది విమానం అనిపించదు. ఆమె రామతీర్థం చూసి, మర్నాడు విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు.

ఆ తర్వాత

ఆమె సిరీస్‌లో పన్నెండు ఫోటోలు ఉన్నాయి. చింతపల్లివి రెండే. మిగతా పదీ బారువవి.

ఇప్పుడు ఫోటోగ్రాఫర్ ఎవరైనా అడిగితే నేను మొదట తిథి చూస్తాను, తర్వాతే గాలి. రెండు మీటర్లే కనబడితే ఏం తీస్తారని అడుగుతాను. దానికి జవాబు లేనివాళ్లకు బారువ సూచించను, నేరుగా చింతపల్లి లేదా విశాఖ చెబుతాను. మా చోట్ల ఫోటోలు అడిగితే మంచి రోజువి కాక, మేడం అనుమతితో ఆ పున్నమి రోజు పిండి చల్లినట్టు వచ్చిన ఫ్రేము పంపుతున్నాను. అది చూసి ఇద్దరు రానన్నారు. ముగ్గురు మాక్రో లెన్సు పెట్టుకుని వచ్చారు.

మేడం బారువ ఫోటోలు కొన్ని ప్రింట్ వేయించి పంపారు. మావయ్యకు ఇవ్వడానికి నేనే వెళ్లాను. ఆయన లైట్‌హౌస్‌కు కొబ్బరితోపును, కోటిలింగేశ్వరుడి గుడికి మహేంద్రగిరి శిఖరాన్ని గురి కలిపి, జీపీఎస్ లేకుండా ఓడ మీద సరిగ్గా పడవ నిలబెట్టగలడు. నలభై ఏళ్లుగా దాని మీద వలలు పోగొట్టుకున్నాడు. ఓడను మాత్రం ఒక్కసారీ చూడలేదు. లయన్ ఫిష్ ఫోటో పక్కన పెట్టేసి, వల చుట్టుకున్న ఫోటో తీసుకుని ఎండలోకి వెళ్లి చాలాసేపు చూశాడు. "ఇది ఏ పక్క బాబూ?" అని అడిగాడు. దక్షిణం పక్క అన్నాను. ఎంత పొడుగు బయటికి ఉందో చేతులు చాపి చూపించమన్నాడు. చూపించాను. మర్నాడు ఓడకు ఆ పక్కన వెదురుగడకు ఎర్రగుడ్డ కట్టి గుర్తు నాటాడు.